ఎంత వేడి చూసిందో

గణపతిరావు ఆ గోనెసంచిని కాలితో తన్నలేదు. తన్ని ఉంటే చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఒళ్ళు మండేది, నాలుగు మాటలు పడేవి, గొడవ అక్కడితో ఆగిపోయేది. అతను వంగి, సంచి మూతికి కట్టిన తాడు ఓపిగ్గా విప్పి, పెరట్లో ఊడ్చిన జాగా చూసుకుని మరీ కుమ్మరించాడు. కాలిన బొగ్గు నేలమీద పరుచుకుంది.

"ఇది పిట్ సరుకు కాదు సిలకమ్మా. పచ్చిబొగ్గు తెచ్చి కాల్సినావు," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

చిలకమ్మ ఆ వేళకి కోటేశ్వరరావుకి మారు వడ్డిస్తోంది. గరిటె గిన్నెలోనే వదిలేసి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"పిట్‌దే," అంది.

ఖరగ్‌పూరు న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల వెనక వరసగా వేసుకున్న రేకుల ఇళ్ళలో అదొకటి. చిలకమ్మ లోకోషెడ్డు పిట్‌లో బొగ్గు ఏరుతుంది. పని దిగి వచ్చిన ఇంజన్లు తమ పొయ్యిలోని నిప్పునీ బూడిదనీ ఆ గుంటలోకి దులుపుతాయి. అందులోంచి ఇంకా కాలగల ముక్కల్ని ఏరడం ఆడవాళ్ళ పని. ఏరినదంతా వేలంపాటలో పాడుకున్న కాంట్రాక్టరుది. ఏరినవాళ్ళకి కూలీ, దానిమీద ఇంటికి ఒక తట్ట. ఆ తట్ట హక్కని ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ కాదనలేదు కూడా. ఆ ఏడు పాట గణపతిరావుకి దక్కింది. అప్పటినుంచే తట్టలమీద అతని కన్ను పడింది.

అతని వెనక పిట్ జమాదారు తవిటయ్య నిలబడి ఉన్నాడు. పిట్‌లో ఏం జరిగినా పైవాళ్ళకి జవాబు చెప్పవలసిన మనిషి. చిలకమ్మ పెనిమిటి నూకయ్య బతికి ఫైర్‌మన్‌గా ఉన్న రోజులనుంచీ ఎరిగినవాడు, అందుకని తలెత్తి చూడలేకపోతున్నాడు.

"సూడు తవిటయ్యా, నీ కళ్ళతోనే సూడు," అన్నాడు గణపతిరావు. "పిట్ సిండరుకి చిట్టెం పట్టుంటాది, బూడిదంటుకుని ఉంటాది. ఇదేటి, తలంటి పోసినట్టుంది."

"మంచివి ఏరుకున్నాను. ఏరీదాన్ని మంచివి ఏరుకోకేటి సేస్తాను?" అంది చిలకమ్మ.

"సంచీడు మంచివే దొరికినాయా? ఇంకా కాలని పచ్చిబొగ్గు ఇంజను ఎనకాల టెండరు పెట్టిలో ఉంటాది. టెండరుకాడికి నువ్వెల్లలేవు. షెడ్డులో ఖలాసీ ఎల్లగలడు." గణపతిరావు గొంతు పెంచలేదు. "మీ ఎంకట్రావుని ఈ నెలాఖరుకి పర్మనెంటు సేస్తారంట కదా."

అదీ సంగతి. ఆ మాట వినగానే పెరటి గోడ అవతల అంట్లు తోముతున్న దాలమ్మ చేతిలో చప్పుడు ఆగిపోయింది. చిలకమ్మ కొడుకు వెంకటరావు షెడ్డులో టెంపరరీ ఖలాసీ. దొంగబొగ్గని కాగితం ఫోర్‌మన్‌ దాకా వెళ్తే పర్మనెంటు మాట అటుంచి, గేటులోకే రానివ్వరు. చిలకమ్మని పిట్‌లోకి రానిచ్చే బిళ్ళ కూడా పోతుంది. ఇద్దరి నోటి దగ్గర కూడూ ఒక్క గోనెసంచితో పోతుంది.

కోటేశ్వరరావు అన్నంలో చెయ్యి పెట్టుకుని ఇదంతా విన్నాడు. బాపట్లనుంచి వచ్చి హిజ్లీలోని ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చి చేస్తున్న కుర్రాడు. హాస్టల్లో ఆవనూనె కూరలు గొంతు దిగక, రెండు పూటలా సైకిలు తొక్కుకుంటూ చిలకమ్మ వంటకి వస్తాడు. అతనితోపాటు ఇంకొందరు తెలుగు పిల్లలకి కేరేజీలు కూడా వెళ్తాయి. మంచివాడే. కాకపోతే తనకి తెలిసిన విషయం ఎదురుగా ఎవరైనా తప్పుగా మాట్లాడితే కూర్చోలేడు. పైగా అతని థీసిస్సే కాలిన బొగ్గు మీద.

"కంటితో చూసి ఎలా చెప్తారండీ?" అన్నాడు లేచి, ఎంగిలి చెయ్యి గాలిలో పెట్టుకుని. "పిట్‌దో, పెరట్లో కాల్చిందో ఆ బొగ్గే చెబుతుంది. మా ల్యాబులో తేల్చొచ్చు."

"నువ్వు తినీ బాబూ. నీకెందుకు ఈ గోల," అంది చిలకమ్మ.

"అలా కాదు పిన్నీ. ఊరికే దొంగ అంటే పడతారా? ఇంజను పొయ్యిలో వేడి పన్నెండు వందల డిగ్రీలు ఉంటుంది. పెరట్లో కుప్పపోసి కాలిస్తే అందులో సగం కూడా ఉండదు. ఎంత వేడి చూసిందో బొగ్గు లోపల రాసి ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు."

చిలకమ్మ అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో ఉన్నది కృతజ్ఞత అనుకున్నాడు కోటేశ్వరరావు. ఆ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు.

"వొద్దు బాబూ," అంది మళ్ళీ.

కానీ తవిటయ్యకి ఆ మాట ఒడ్డులా కనిపించింది. "ఇనిస్టూట్ బాబు సెప్తే నాకు ఒప్పుదలే," అన్నాడు. "పిట్‌దని తేలితే కాగితం లేదు. కాదంటే నా సేతిలో ఏటీ ఉండదు సిలకమ్మప్పా, నాను రాసియ్యాల. ఆదివారం దాకా ఆగుతాను."

గణపతిరావు కాసేపు కోటేశ్వరరావునీ, ఆ బొగ్గునీ చూశాడు. తను చెప్పింది నిజమని అతనికి తెలుసు. ఆ నిజానికి చదువుకున్న సాక్షి దొరికితే మరీ మంచిది.

"ఠీక్ హై," అన్నాడు.

*

పోల్చడానికి నికరమైన పిట్ బొగ్గు కావాలి. కోటేశ్వరరావు రెండు చోట్లనుంచి తీసుకుందామనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పిట్ దగ్గరికి వెళ్తే తవిటయ్య అతన్ని ఒక గూడ్సు ఇంజను పక్కన నిలబెట్టాడు. మంచు ఇంకా విడలేదు. ఒక మనిషి ఇంజను కిందికి దూరి పొడుగాటి ఇనపకడ్డీతో పొయ్యి అడుగు కదిలించాడు. ముందు బూడిద దిగింది, తర్వాత నిప్పు ఒక్కసారిగా జారి గుంటలో పడింది. పైన నీళ్ళు కొడితే తెల్లటి ఆవిరి మొహాలకి తగిలింది. ఆ ఆవిరి తగ్గకముందే ఆడవాళ్ళు తట్టలతో దిగిపోయారు. వాళ్ళలో చిలకమ్మ ఉంది. ఎప్పుడూ పలకరించే మనిషి ఆ రోజు కోటేశ్వరరావు వైపు చూడలేదు. ముక్క చేతిలోకి తీసుకోవడం, చిట్టెం పట్టినవైపు రాయికేసి కొట్టడం, బరువు చూసి తట్టలోకో వెనక్కో వెయ్యడం, అదే పని. మడమలు బూడిదలో కూరుకుపోయి ఉన్నాయి. కోటేశ్వరరావు తవిటయ్య ఇచ్చిన బకెట్లోంచి వేడి ముక్కల్ని పట్టకారుతో డబ్బాలో వేసుకున్నాడు.

అక్కణ్ణించి గణపతిరావు డిపోకి వెళ్ళాడు. గోల్‌బజార్ వెనక సందులో రేకుల షెడ్డు, అందులో మిఠాయి కొట్లకీ హోటళ్ళకీ వెళ్ళవలసిన బొగ్గు గుట్టలు గుట్టలుగా ఉంది. బెంగాలీవాళ్ళు దాన్ని పోడా కొయలా అంటారు. పొగ రాకుండా కాలే బొగ్గు.

"మీ సరుకు కూడా కొంచెం ఇవ్వండి, పోల్చి చూడాలి," అన్నాడు కోటేశ్వరరావు.

గణపతిరావు కాదనడానికి కారణం ఏమీ కనపడలేదు. పైగా వ్యాపారస్తుడు. నమూనా అడిగితే చెయ్యి దానంతట అదే మంచి సరుకు మీదికి పోతుంది. గుట్ట అడుగున ఉన్న చిట్టెం ముక్కల్ని కాలితో పక్కకి నెట్టి, పైనున్న నున్నటి ముక్కల్ని తనే ఏరి, పంచె కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టాడు.

"ఇదండీ పిట్ సరుకంటే. ఖరగ్‌పూరు మొత్తం మీద ఇలాటిది ఇంకోడి కాడ లేదు," అన్నాడు.

కోటేశ్వరరావు డబ్బా మూతపెట్టి, దానిమీద గణపతిరావు అని రాసుకున్నాడు.

*

శనివారం మధ్యాహ్నానికి ల్యాబు ఖాళీ అయింది. అటెండరు మాయితీ దాదా కొలిమి వెలిగించి ఇచ్చి, "ఆజ్ తో శొనిబార్," అని గొణిగి, ఆగి చూసి, ఈ కుర్రాడికి వారాలు తెలియవని నిశ్చయించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

పద్ధతి తేలికైనదే. బొగ్గుపొడిని సిలికా గొట్టంలో పెట్టి, గాలి తగలకుండా మూసి, మెల్లగా వేడి పెంచాలి. గొట్టం రెండో కొననుంచి రబ్బరు ట్యూబు ఒక గాజు జాడీలో నీళ్ళలోకి దిగి ఉంటుంది. బొగ్గులోంచి వాయువు వస్తే నీళ్ళలో బుడగ లేస్తుంది. ఒకసారి బాగా కాలిన బొగ్గు, ఆ కాలినంత వేడి దాకా మళ్ళీ తీసుకెళ్ళినా నోరు విప్పదు. ఆ వేడి దాటిన తర్వాతే, అప్పుడు వదలకుండా దాచుకున్నది వదులుతుంది. అందుకని బుడగ ఎక్కడ మొదలైతే, ఆ బొగ్గు గతంలో చూసిన వేడి అంత.

ముందు ఇంజను కింద తీసిన ముక్కల పొడి పెట్టాడు. నాలుగు వందల దగ్గర ఆపి చూశాడు. జాడీ నిశ్చలంగా ఉంది. ఆరు వందలు. ఎనిమిది వందలు. వెయ్యి దగ్గర కూడా నీళ్ళు కదలలేదు. పొడిని రెండు పలకల మధ్య నొక్కి కరెంటు పెడితే మీటరు సూది చటుక్కున లేచింది. అంత వేడికి లోపలి పొరలు సర్దుకుని ఒకదానికొకటి దగ్గరైపోతాయి, బొగ్గు గట్టిపడి లోహంలా కరెంటుని పోనిస్తుంది. నిప్పు అంటుకోవడానికి మాత్రం మొండికేస్తుంది. పుస్తకాల్లో ఉన్నదే కళ్ళముందు కనిపిస్తే కోటేశ్వరరావుకి ఎప్పుడూ సంతోషమే. ఈల వేసుకుంటూ గొట్టం చల్లార్చి, చిలకమ్మ సంచిలోని బొగ్గు పెట్టాడు.

నాలుగు వందలు. ఏమీ లేదు. ఐదు వందలు. ఒక బుడగ వచ్చింది, గొట్టంలో గాలి వ్యాకోచించి వచ్చినదే అనుకున్నాడు. వేడి చూపే సూదిని అక్కడే నిలిపి కూర్చున్నాడు. బుడగ ఆగిపోయింది. హమ్మయ్య అనిపించింది.

ఐదు వందల యాభై దాటగానే మళ్ళీ ఒక బుడగ లేచింది. సూదిని అక్కడే పట్టి ఉంచాడు. ఆగుతుందని చూశాడు. ఆగలేదు. ఇంకొకటి వచ్చింది, దానివెనక ఇంకొకటి, ఆరు వందలు చేరేసరికి వరసగా పైకి వస్తున్నాయి. కరెంటు పెట్టి చూస్తే మీటరు సూది చచ్చినట్టు పడి ఉంది. ఒక్క ముక్క వల్ల కావచ్చునని సంచిలో వేరేచోట్లనుంచి తీసిన ముక్కలు పెట్టాడు. అవీ అంతే. ఇంజను పొయ్యిలోంచి అక్కడక్కడ సగం ఉడికిన ముక్క రాలవచ్చు. కానీ సంచిలో ఉన్న ప్రతి ముక్కా అలా ఒకే రకంగా ఉడకదు.

అది పెరట్లో కాల్చిన బొగ్గు.

కోటేశ్వరరావు కొలిమి ఆర్పి స్టూలుమీద కూలబడ్డాడు. కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. తను పెద్దమనిషిలా లేచి అందరిముందూ వాగ్దానం చేశాడు. వద్దని రెండుసార్లు అంది ఆవిడ. రెండుసార్లూ అది బెరుకనుకున్నాడు. గణపతిరావు డబ్బా ఇంకా మూత తియ్యకుండా బల్లమీద ఉంది. ఇంక దాన్ని చూసి మాత్రం చేసేదేముందని దీపం ఆర్పేశాడు.

*

సాయంత్రం అతను వెళ్ళేసరికి చిలకమ్మ గుమ్మంలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. అతను సైకిలు స్టాండు వేసి, చెప్పులు విప్పకుండా నిలబడిపోయాడు. ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"తెలిసిపోనాదా?"

"ఊఁ."

"ఎంత వేడి సూసిందో కూడా తెలుస్తాదంటే, పోన్లే, సదువుకున్న కుర్రాడు, అలగే అంటాడనుకున్నాను," అంది. ఒక రాయి తీసి పక్కన పారేసింది. "కూకో."

కూర్చున్నాడు.

"వెంకట్రావు తెచ్చాడా?"

"ఆడా? ఆడికి రైలు రూలంటే బయిం. టెండరు ఛాయల్లోకి ఎల్లడు." చేటని గట్టిగా ఒకసారి చెరిగింది. "హోం సిగ్నల్ కాడ వొంపు ఉంది కదా బాబూ. బండి అక్కడ మెల్లగా తిరుగుతాది. ఫైర్‌మన్‌లు అక్కడ రెండు పారల పచ్చిబొగ్గు దించేసి పోతారు. మా ఆయన దించేవోడు. ఆయనకి ముందు ఆల్ల మామ దించేవోడు. ఈ వరసలో ఏ ఇంటి పొయ్యయినా అదే. పచ్చిది ఇంట్లో కాలిస్తే పసుపుపచ్చ పొగ లెగుస్తాది, వాచ్‌మన్‌ ఊరవతల నుంచే సూసేస్తాడు. అందుకని అందరం పెరట్లో ఒకేపాలి కుప్పేసి, నిప్పెట్టి, ఎర్రబడగానే బూడిద కప్పేస్తాం. పొగ ఒక్క పూట. తరవాత ఎవులికీ అక్కర్లేదు." ఇంకో రాయి తీసింది. "దొంగతనం అని ఏ రోజూ అనుకోలేదు. నువ్వు అంటే అనుకో."

"నేనేమీ అనలేదు పిన్నీ."

"నువ్వు తిన్న అన్నం దానిమీద ఉడికిందే."

కోటేశ్వరరావు చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు. రేపు ఏం చెప్పమంటావని అడుగుదామనుకున్నాడు. అడిగితే ఆవిడ అబద్ధం చెప్పమంటుందేమో, చెప్పమంటే తను చెప్పగలడో లేదో, చెప్పవద్దంటే అది ఇంకా కష్టం. రెంటికీ భయపడి అడగలేదు. పిరికితనమే.

వెంకటరావు షెడ్డునుంచి వచ్చాడు. ఇరవై దాటిన మనిషి, నూనె మరకల చొక్కా. తల్లి మొహం చూసి, కోటేశ్వరరావు మొహం చూసి, బావి దగ్గరికి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కుంటూనే ఉన్నాడు.

"ఇన్నేళ్ళూ ఎవడూ అడగలేదు కదా, గణపతిరావుకి ఇప్పుడెందుకు?" అన్నాడు కోటేశ్వరరావు చివరికి.

"ఎందుకో. ఆయన డిపోలో సరుకు పెరిగిపోతంది, మా వొంపు కాడ పారలు తగ్గిపోతన్నాయి," అంది చిలకమ్మ. "నాకు తెలిసింది అదే."

*

ఆదివారం పొద్దున్న పంచాయితీ పది గంటలకి. కోటేశ్వరరావు ఏడింటికే ల్యాబు తాళం తీశాడు. చిలకమ్మ చివర్లో అన్న మాట రాత్రంతా చెవిలో ఉంది. గణపతిరావు డబ్బా మూత తీసి, నున్నటి ముక్కొకటి కొట్టి పొడిచేసి గొట్టంలో పెట్టాడు.

నాలుగు వందలు. ఐదు వందలు. సూది కదులుతున్నంతసేపూ జాడీ మీంచి కళ్ళు తిప్పలేదు. ఐదు వందల యాభై దాటింది. బుడగ లేచింది. సూది నిలిపాడు. ఇంకొకటి లేచింది. ఆరు వందల దగ్గర నీళ్ళు అన్నం గిన్నెలా కుతకుతమన్నాయి.

ఇంకో ముక్క పెట్టాడు. అదీ అంతే. తుడిచి, ఏరి, గర్వంగా ఇచ్చిన సరుకు. ఒక్కటి కూడా ఇంజను పొయ్యి మొహం చూడలేదు.

అంటే వంపు దగ్గర గణపతిరావుకి పచ్చిబొగ్గు పారలతో కాదు, బస్తాలతో దిగుతోంది. దించేవాళ్ళకి డబ్బు ముడుతోంది. ఆడవాళ్ళ పారలు అందులో తరుగు. ఒకర్ని దొంగని చేసి ఊరేగిస్తే మిగతావాళ్ళు భయపడి ఆగిపోతారు. వెంటనే పరిగెత్తి తవిటయ్యకి చెప్పేద్దామని కోటేశ్వరరావుకి అనిపించింది. సైకిలు ఎక్కాక, హిజ్లీ రోడ్డు మీద సగం దూరం వచ్చాక, రెండో సంగతి తట్టింది. తవిటయ్య నిజాయితీపరుడు. ఉన్నదంతా చెబితే ఉన్నదంతా రాస్తాడు. గణపతిరావు పోతాడు. ఫైర్‌మన్‌లు పోతారు. చిలకమ్మా, దాలమ్మా, ఆ వరస మొత్తం వాళ్ళతోనే పోతారు. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు వేసి ఉంది. బండి వెళ్ళేదాకా నిలబడి, ఏం మాట్లాడాలో ఒక్కొక్క మాటా పేర్చుకున్నాడు.

తవిటయ్య గది పిట్ పక్కనే. లోపల ఒక బల్ల, దానిమీద నీళ్ళ కుండ, గోడకి పారలు. గణపతిరావు బల్లమీద కూర్చుని ఉన్నాడు. చిలకమ్మ తలుపు దగ్గర నిలబడింది. వెంకటరావు బయట గోడకి ఆనుకుని ఉన్నాడు, లోపలికి రాలేదు. ఏరేవాళ్ళందరూ తట్టలు దించి వింటున్నారు.

"సెప్పండి బాబూ," అన్నాడు తవిటయ్య.

కోటేశ్వరరావు చిలకమ్మ వైపు చూడలేదు. చూస్తే మాట తడబడుతుందని భయం.

"చిలకమ్మగారి బొగ్గూ, గణపతిరావుగారి డిపో బొగ్గూ రెండూ కాల్చి చూశాను," అన్నాడు. "రెండూ ఒకటే. ఆవగింజంత తేడా లేదు. అది ఎంత వేడి చూసిందో ఇదీ అంతే చూసింది."

తవిటయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. "మరింకేటి. అదీ పిట్ సరుకే అన్నమాట."

"ఒకటెలగవుతాది?" గణపతిరావు లేచి నిలబడ్డాడు. "నా సరుకు నాకు తెల్దేటి? ఈయన మొన్న ఆ ఇంట్లో అన్నం తింటన్నాడు, నువ్వు సూసినావు కదా."

"మీ సరుకు మీరే ఏరి ఇచ్చారు," అన్నాడు కోటేశ్వరరావు. "ఇంజను కింద తవిటయ్యగారు ఇచ్చినవి కూడా కాల్చాను. వాటికీ మీ సరుకుకీ ఎంత తేడా ఉందో అది కూడా లెక్క ఉంది. కావాలంటే ఇక్కడే చెప్తాను. ఫోర్‌మన్‌గారి దగ్గర చెప్పమన్నా చెప్తాను."

బయట ఇంజను ఆవిరి వదిలింది. గణపతిరావు చదువుకోలేదు కానీ వ్యాపారం చేశాడు, ఎదుటివాడు ఎంతవరకు చెప్పాడో, ఎక్కడ ఆపాడో తెలుసు. పంచె కొంగు సర్దుకున్నాడు. ఆ కొంగుతోనే ముక్కలు తుడిచి ఇచ్చిన సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు దానికేసి చూశాడు.

"అక్కర్లేదులెండి," అన్నాడు. "పెద్ద సదువులోరు సెప్పినాక ఇంకేటి. పొరపాటు పడినాను."

అతను వెళ్ళిపోయాక దాలమ్మ గట్టిగా నవ్వింది. తవిటయ్య అందరికీ టీ చెప్పాడు. వెంకటరావు లోపలికి వచ్చి, కోటేశ్వరరావు చెయ్యి రెండు చేతులా పట్టుకుని వదిలేశాడు. చిలకమ్మ మాత్రం తట్ట ఎత్తుకుని పిట్‌లోకి దిగిపోయింది. ఆ రోజు కోటేశ్వరరావు సైకిలు దానంతట అదే హిజ్లీకి వెళ్ళింది. ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క మనిషి పోలేదు. తన చదువు మీద తనకి అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

*

ఆ వారం ల్యాబులో పని పడి కేరేజీ తెప్పించుకున్నాడు. అన్నం ఒకరోజు పలుకుగా ఉంది, ఒకరోజు మాడు వాసన వచ్చింది. ఒళ్ళు బాగాలేదేమోననుకున్నాడు. శనివారం సాయంత్రం స్వయంగా వెళ్తే వరసంతా పొగ. ఇళ్ళముందు ఆడవాళ్ళు తాటాకులూ కర్రపేళ్ళూ పొయ్యిల్లో కూరుతున్నారు. దాలమ్మ అతన్ని చూసింది. పలకరించలేదు, అలాగని మొహం తిప్పుకోలేదు.

చిలకమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతన్ని చూసి పీట జరిపింది.

"కూకో బాబూ. ఇంకా అవ్వలేదు. ఎంకట్రావుకి ఆర్డరొచ్చింది. పర్మనెంటు."

"నిజంగా?"

"మొన్న వొచ్చింది. నువ్వు సేసిన మేలు ఈ పేనం ఉన్నంతకాలం మరిసిపోను," అంది. ఆ మాటలో వంకర ఏమీ లేదు. మనసులోంచే అంది. మళ్ళీ వంగి ఊదింది.

"ఏమైంది, అందరూ కర్రలు పెడుతున్నారు?"

చిలకమ్మ పొయ్యిలో ముక్కల్ని పుల్లతో కదిపింది.

"వొంపు కాడ పార దిగడం లేదు. ఒక్క బండీ దించడం లేదు. ఎవులు సెప్పినారో ఏటో, షెడ్డంతా పాకిపోనాది. ఇనిస్టూట్‌లో ఒక బాబు ఉన్నాడంట, బొగ్గుముక్క సేతిలో ఎట్టుకుంటే అది ఏ ఇంజనుదో, ఎవుడు దించినాడో సెప్పేస్తాడంట." సన్నగా నవ్వింది. "నాను సెప్పినాను, అలగేటీ కాదని. ఫైర్‌మన్‌లు ఇంటారేటి. పిల్లలున్నోల్లు. ఆల్ల బయిం ఆల్లది."

"గణపతిరావు?"

"ఆయనకేటి. ఝరియా బొగ్గుగనులనుంచి లారీ తెప్పించుకుంటన్నాడు."

కోటేశ్వరరావు నేనెవరికీ చెప్పలేదు అనబోయాడు. అది నిజమే. ఆ గదిలో తవిటయ్య ముందు, తలుపవతల అంతమంది ముందు, బొగ్గు ఎంత వేడి చూసిందో చెబుతుందని చెప్పాడు. అంతే చెప్పాడు.

"ఒకటో తారీకునుంచి కేరేజీలు ఒగ్గేస్తన్నాను బాబూ," అంది చిలకమ్మ. "మిగతా పిల్లలకి కూడా సెప్పు. ఇద్దరి కూడయితే ఎలగో ఉడకేస్తాను. అంతమందికి ఈ పొయ్యి కాదు."

"నేనొక్కణ్ణే అయితే? పిన్నీ, నేను బొగ్గు కొని తెస్తాను."

"కొని తెచ్చి ఎన్నాల్లు తింటావు? నీ సదువు అయిపోతాది, నువ్వెల్లిపోతావు." ఆవిడ గొంతులో కోపం లేదు. లేనందుకే అతనికి దుఃఖం వచ్చింది. తల దించుకున్నాడు.

పొయ్యిలో ఉన్నది పిట్ సిండరు. చిట్టెం కొట్టి ఏరి తెచ్చినదే, నికరమైనది, ఇంజను పొయ్యి నడిమధ్య పన్నెండు వందల వేడి చూసి వచ్చినది. కింద కర్రలు కాలిపోతున్నాయి, దానికి మాత్రం అంచు దాటి ఎరుపెక్కడం లేదు. ఎందుకు ఎక్కదో కోటేశ్వరరావుకి తెలిసినంతగా ఖరగ్‌పూరులో ఇంకొకరికి తెలియదు. పీట మీంచి దిగి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. చెయ్యి చాపాడు. చిలకమ్మ ఒక్క క్షణం చూసి ఊదుగొట్టం ఇచ్చింది.

అతను ఊదాడు. ముక్క ఎర్రబడింది. ఊపిరి తీసుకోవడానికి ఆగేసరికి నల్లబడింది. మళ్ళీ ఊదాడు.